ఒక్క పంట కాలమ్‌లో ఇమడని చేను

నాగర్‌కర్నూల్ పక్కన ఒక ఐదెకరాల ఎర్రచెలక ఉందనుకుందాం. రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. గట్ల వెంట ఆముదం, మధ్యమధ్య అలసంద, అనుములు. ఎండాకాలం దుక్కికి ముందు నాలుగు రాత్రులు గొర్ల మంద ఆ చేన్లో పడుకుంటుంది. ఊరూరా బోర్లు దిగకముందు పాలమూరు చెలకల్లో ఇది మామూలు సాగు. ఇప్పుడూ అక్కడక్కడ కనపడుతుంది.

ఈ చేనును కాగితం మీద పెట్టాల్సి వస్తే ఏమవుతుందో చూడండి. బ్యాంకు పంటను బట్టి ఎకరానికి ఇంతని అప్పిస్తుంది కాబట్టి "ఏం పంట?" అని అడుగుతుంది. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) పంట నమోదుకు వస్తే ప్రధాన పంట ఏదో తేల్చుకోవాలి. పరిశోధనా కేంద్రంలో జొన్న చూసే శాస్త్రవేత్త వేరు, కంది చూసేవారు వేరు, ఆముదం చూసేవారు వేరు. గొర్లు పశుసంవర్ధక శాఖ కిందికి వస్తాయి. కందికి, జొన్నకు మద్దతు ధర ఉంది. ఆముదానికి, ఉలవలకు ఆ జాబితాలోనే చోటు లేదు. రైతుకు అదంతా ఒకటే చేను. దాన్ని మొత్తంగా చూసే ఆఫీసు మాత్రం జిల్లాలో ఒక్కటీ లేదు.

అగ్రోఎకాలజీని, అంటే పంట, నేల, పశువు, నీరు అన్నిటినీ ఒకే వ్యవస్థగా చూసే సాగును, ప్రధాన వ్యవసాయ సంస్థల్లోకి ఎలా తేవాలి అనే చర్చ చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఆ చర్చలో మాట ఎక్కువగా నమ్మకాల చుట్టూ తిరుగుతుంది: శాస్త్రవేత్తలు నమ్మరు, అధికారులకు పట్టదు, కంపెనీలు పడనివ్వవు అని. వీటిలో కొంత నిజం ఉంది. కానీ దక్షిణ తెలంగాణను దగ్గరగా చూస్తే అసలు అడ్డం ఇంకొకటి అనిపిస్తుంది. మన సంస్థలు లెక్కపెట్టే పద్ధతే ఒంటి పంటకు, ఒక్క సీజన్‌కు, ఒక్క సరుకుకు కొలిచి కుట్టినది. ఆ లెక్క మారకుండా మనుషుల మనసులు మాత్రం మారితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. అగ్రోఎకాలజీని సేంద్రియ వ్యవసాయంతో కలిపేసి మాట్లాడటం అలవాటైంది. యూరియా బస్తా బదులు వర్మీకంపోస్టు బస్తా, పురుగుమందు డబ్బా బదులు వేపనూనె డబ్బా కొంటే సేంద్రియ సర్టిఫికెట్ రావచ్చు. చేను మాత్రం అదే ఒంటి పంట, రైతు అదే దుకాణం ముందు నిలబడతాడు. అగ్రోఎకాలజీ అడిగే ప్రశ్నలు వేరు. ఈ నేలలో నత్రజని ఎక్కడినుంచి రావాలి? పురుగును తినే పురుగు ఈ చేన్లో ఉందా? వాన తప్పితే ఏ సాలు నిలబడుతుంది? పశువుకు మేత, ఇంటికి తిండి, అంగడికి సరుకు ఒకే చేను నుంచి ఎంతవరకు వస్తాయి? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2018లో దీన్ని పది అంశాలుగా చెప్పింది. వాటిలో వైవిధ్యం, పునర్వినియోగం లాంటివే కాదు, రైతులూ శాస్త్రవేత్తలూ కలిసి జ్ఞానాన్ని తయారుచేయడం కూడా ఒకటి. మన సంస్థలకు మింగుడుపడనిది ముఖ్యంగా ఈ చివరిదే.

ఇక "శాస్త్రీయ ఆధారాలు లేవు" అనే మాట. జొన్న, కంది కలిపి వేయడం గురించిన ఆధారం హైదరాబాద్ పొలిమేరలోనే, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లోనే తయారైంది. ఎం.ఆర్. రావు, ఆర్.డబ్ల్యు. విల్లీ అనే శాస్త్రవేత్తలు 94 ప్రయోగాల ఫలితాలు కూర్చి 1980లో ఒక లెక్క ప్రచురించారు. వాళ్లు గీసుకున్న ఒక నష్టస్థాయి ప్రకారం ఒంటిగా వేసిన కంది 5 ఏళ్లకోసారి దెబ్బతింటుంది, ఒంటి జొన్న 8 ఏళ్లకోసారి. రెండూ కలిపి వేస్తే అంత నష్టం వచ్చేది 36 ఏళ్లకోసారి. జొన్న మూడున్నర నాలుగు నెలల్లో కోతకొస్తుంది. అప్పటిదాకా కంది మెల్లగా వేరు దింపుకొని, జొన్న తీసేశాక విజృంభిస్తుంది. రెండింటికీ నీళ్లు కావాల్సిన సమయాలు వేరు కాబట్టి ఒక్క బెట్టకు రెండూ పోవు. ఏటా 600 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ప్రాంతంలో ఇంతకంటే మంచి బీమా ఏముంటుంది? (తెలంగాణ 2020లో కేంద్ర పంటల బీమా పథకం నుంచి బయటికి వచ్చింది కూడా. ఆ తర్వాత చెలక రైతుకు మిగిలిన బీమా ఈ సాళ్లే.)

రెండు జొన్న సాళ్లకు ఒక కంది సాలు అని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పటికీ సిఫారసు చేస్తుంది. అంటే శాస్త్రం ఉంది, సిఫారసు ఉంది. అయినా ఆ సాళ్లు ఎందుకు తరిగిపోయాయి?

దీనికి జవాబు కోసం ఎర్ర గొంగళి పురుగు కథ చెప్పుకోవాలి. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. నల్గొండ, పాలమూరు చెలకలు ఒకప్పుడు ఆముదానికి పేరుపడ్డవి. 1980ల చివర్లో, 90ల మొదట్లో ఈ పురుగు ఆముదం చేలను ఊడ్చిపెట్టింది. దాని నడక చూడండి. తొలకరిలో ఒక గట్టి వాన పడ్డ కొద్ది రోజుల్లోనే నేలలోంచి రెక్కల పురుగులు బయటికొస్తాయి. అవి గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు మొదట్లో ఆకుల మీద ఒక్కచోటే ఉంటాయి. పెద్దవయ్యాక ఒళ్లంతా వెంట్రుకలు మొలుస్తాయి, మందు సరిగా అంటదు, ఒక చేను తిని పక్క చేనుకు దండులా కదులుతాయి. ఆ తర్వాత గట్లలో, చెట్ల కింద నేలలోకి పోయి మళ్లీ తొలకరి దాకా పడుకుంటాయి. రైతుకు పురుగు కనపడి దుకాణానికి పరుగెత్తే వేళకు అది మందు పనిచేయని వయసులో ఉంటుంది. రైతుకు మందు ఖర్చు, పురుగుకు ఆముదం ఆకు.

ఈ పురుగుకు బలహీనత ఉన్నది రెక్కల దశలో. వెలుతురు కనిపిస్తే దానివైపు పోతుంది. అందుకే ఎండాకాలం లోతు దుక్కి దున్ని నిద్రపోతున్న ప్యూపాలను పైకి తేవడం, తొలకరి వాన పడ్డ సాయంత్రాలు ఊరంతా చేలల్లో మంటలు వేయడం, గుడ్లున్న ఆకులు ఏరేయడం, చేను చుట్టూ కందకం తీసి కదిలే దండును ఆపడం అనే పద్ధతి రూపుదిద్దుకుంది. వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టర్‌గా చేసిన ఎం.ఏ. ఖయ్యూం, శాస్త్రవేత్త ఎన్.కె. సంఘీ దీన్ని సామూహిక చర్యగా 1993లో పుస్తకంగా రాసిపెట్టారు. ఆ తర్వాత రాజమండ్రిలోని కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన ఎం.ఎస్. చారి లాంటివాళ్లు స్వచ్ఛంద సంస్థలతో కలిసి దీన్నే పత్తి, కంది, మిరపలకు పెంచారు. పురుగుమందులు లేని సస్యరక్షణగా అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేరు తెచ్చుకుంది. ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ వైపు ఏనబావి ఆ దారిలోనే వార్తల్లోకెక్కాయి.

ఈ కథలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, దీన్ని పెంచిన పెద్దల్లో చాలామంది ప్రధాన సంస్థల్లో జీవితమంతా పనిచేసినవాళ్లే. కానీ ఈ పని వాళ్లు ఎక్కువగా చేసింది సంస్థ బయట, కొందరైతే రిటైరయ్యాక. సంస్థ లోపల తెలివి లేక కాదు, ఆ తెలివికి లోపల కుర్చీ లేదు. రెండోది, మంటల పద్ధతిలో పంచడానికి సరుకేమీ లేదు. సబ్సిడీ లేదు, టెండర్ లేదు, బిల్లు లేదు. ఒక రైతు ఒక్కడే చేస్తే ఫలితం ఉండదు, ఊరంతా ఒకే సాయంత్రం చేయాలి. వ్యవసాయ శాఖ లక్ష్యాలన్నీ ఇన్ని క్వింటాళ్లు, ఇన్ని లీటర్లు, ఇంతమంది లబ్ధిదారులు అనే రూపంలో ఉంటాయి. "ఫలానా రోజు ఊరంతా మంటలు వేసింది" అనే పనిని ఏ రిపోర్టులో రాయాలి?

అందుకే 2004 తర్వాత ఈ పద్ధతి లక్షల ఎకరాలకు పాకినప్పుడు అది వ్యవసాయ శాఖ దారిలో పోలేదు. గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉన్న సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), మహిళా సంఘాల దారిలో పోయింది. టి. విజయ్‌కుమార్ అనే ఐఏఎస్ అధికారి దాన్ని నడిపించారు. సంఘాలకు లెక్క పొదుపు, అప్పు, ఇంటి ఖర్చు. మందు డబ్బా కొనకపోతే మిగిలిన డబ్బు ఆ లెక్కలో వెంటనే కనపడుతుంది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలో ఆ పని రైతు సాధికార సంస్థ చేతికి వచ్చి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంగా పెరిగింది, 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి కూడా అందుకుంది. తెలంగాణలో అంత స్థాయిలో దాన్ని ఎత్తుకున్న సంస్థ ఏదీ లేదు.

ఇక విశ్వవిద్యాలయాల వైపు చూద్దాం. వాళ్ల సంకోచాన్ని కేవలం మొండితనం అని కొట్టిపారేస్తే విషయం అర్థం కాదు. 2019లో కేంద్రం, బయట ఎరువులు, మందులు కొనకుండా చేసే జీరో బడ్జెట్ వ్యవసాయం గురించి మాట్లాడినప్పుడు జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ బహిరంగంగానే వ్యతిరేకించింది, రుజువు కాని పద్ధతి అంది. దాన్ని పరిశీలించడానికి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) వేసిన కమిటీకి అధ్యక్షుడు అప్పటి జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ వి. ప్రవీణ్‌రావు. వాళ్ల ప్రశ్నల్లో ఒకటి గట్టిది. ఎకరానికి పది కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండితో చేసే జీవామృతంలో పంటకు సరిపడా నత్రజని ఎక్కడుంది? నిజమే, లేదు. నీళ్ల కింద వరి వేసి, యూరియా ఆపేసి, జీవామృతం చల్లి ఊరుకుంటే దిగుబడి పడిపోతుంది. శ్రీలంక 2021లో రాత్రికి రాత్రే రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గిన సంగతి అందరికీ గుర్తుంది.

అయితే ఆ ప్రశ్నకు జవాబు జీవామృతం డ్రమ్ములో వెతికితే దొరకదు, సాళ్లలో దొరుకుతుంది. కంది, అలసంద, పెసర, ఉలవ గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి నేలకిస్తాయి. జీలుగ, జనుము పచ్చిరొట్టగా పెంచి దున్నేస్తే నత్రజని మోతాదు కొంత తగ్గించుకోవచ్చని విశ్వవిద్యాలయమే చెబుతుంది. మందలు తోలితే పెంట, మూత్రం నేరుగా చేనుకు చేరతాయి. ఇవన్నీ కలిస్తేనే లెక్క కుదురుతుంది. కానీ ఈ కలయికను పరీక్షించే ఏర్పాటు పరిశోధనా కేంద్రాల్లో చాలా తక్కువ.

ఎందుకంటే ట్రయల్ అనే పద్ధతికే ఒక ఆకారం ఉంది. చిన్న చిన్న మడులు, ఒక్కో మడికి ఒక్కో ట్రీట్‌మెంట్, మూడు నాలుగు సార్లు పునరావృతం. కొత్త రకం తేల్చాలన్నా, ఎరువు మోతాదు తేల్చాలన్నా ఇంతకంటే మంచి సాధనం లేదు. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి క్రాంతి లాంటి ఆముదం రకాలు, పీసీహెచ్ 111 లాంటి హైబ్రిడ్లు, ఉజ్వల లాంటి కంది రకాలు వచ్చాయంటే ఈ సాధనం వల్లే. ఈ చెలకలకు అవి చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఎర్ర గొంగళి పురుగు మంటలను నాలుగు మీటర్ల మడిలో పరీక్షించలేరు. మందు కొట్టిన మడి పక్కనే మందు కొట్టని మడి పెడితే సాలీళ్లు, అక్షింతల పురుగులు ఏ మడివని చెప్పగలం? చేను స్థాయిలో, ఊరి స్థాయిలో జరిగే పనిని మడి స్థాయిలో కొలిస్తే ఫలితం ఎప్పుడూ "తేడా లేదు" అనే వస్తుంది.

దీనికి ఉద్యోగం లెక్కలు తోడవుతాయి. ఎమ్మెస్సీ విద్యార్థి థీసిస్‌కు ఒకటి రెండు సీజన్లు దొరుకుతాయి. నేలలో సేంద్రియ కర్బనం మారడానికి ఆరేడేళ్లు పడుతుంది. శాస్త్రవేత్త ప్రమోషన్‌కు పరిశోధనా పత్రాలు, విడుదల చేసిన రకాలు లెక్కకొస్తాయి; పది ఊళ్ల రైతులతో పదేళ్లు కూర్చుని ఒక సాగు పద్ధతిని చక్కబెట్టడం లెక్కకు రాదు. మధ్యలో బదిలీ అయితే ఆ పని అక్కడితో ఆగుతుంది. సమగ్ర వ్యవసాయ వ్యవస్థల మీద, సేంద్రియ వ్యవసాయం మీద ఐసీఏఆర్‌కు దేశవ్యాప్త ప్రాజెక్టులు ఉన్నమాట నిజమే. కానీ అవి ప్రధాన ఇంటికి ఆనుకుని వేసిన వసారాలా ఉంటాయి. వంట, పడక అంతా లోపలి గదుల్లోనే.

ఆ లోపలి గది ఏమిటో తెలియాలంటే ఏటా వచ్చే వ్యవసాయ పంచాంగం తిరగేయాలి. విశ్వవిద్యాలయం సిఫారసులన్నీ అందులో ఉంటాయి, అధికారుల మాటకు అదే ఆధారం. అది చాలావరకు పంటల వారీగా నడుస్తుంది: రకాలు, విత్తన మోతాదు, ఎరువులు, కలుపు, సస్యరక్షణ. అంతర పంటలకు కొన్ని వాక్యాలు దక్కుతాయి. "నాలుగెకరాల ఎర్రచెలక, బోరు లేదు, రెండు బర్రెలు, ఇంట్లో ఇద్దరు పనిచేసేవాళ్లు" అనే రైతు అందులో తన పేజీ వెతుక్కోలేడు. పంచాంగాన్ని పంటల వారీగా కాకుండా నేలల వారీగా, నీటి వసతి వారీగా ఒక్క ఏడాది వేసి చూడమనండి. ఏ శాస్త్రవేత్తల మధ్య మాటల్లేవో అప్పుడు బయటపడుతుంది.

నీళ్ల దగ్గర కథ ఇంకో మలుపు తిరిగింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండలో ఒక భాగాన్ని ఎప్పుడో వరి నేల చేసింది. తర్వాత జూరాల, కోయిల్‌సాగర్, కల్వకుర్తి ఎత్తిపోతలు, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలు, వీటికితోడు 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. నీళ్లొస్తే ఎవరైనా వరే వేస్తారు, వేయాలి కూడా. వలస పోయి బతికిన జిల్లాను "జొన్న వేసుకో, నేలకు మంచిది" అనడం నోటికి తేలికే. వడ్లు కొనడానికి ఊరి పక్కనే సెంటర్ ఉంది. 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఉంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్‌లో సన్న బియ్యం ఇస్తున్నారు. విత్తు నుంచి పళ్లెం దాకా వరికి దారి వేసి ఉంది. కందికి ఆ దారి సగం వేసి ఉంది, ఆముదానికి అసలు లేదు. రైతు దారి ఉన్న వైపు నడిచాడు.

ఇదే ప్రాంతంలో నీళ్ల విషయంలో సంస్థలు వేరేలా ఆలోచించిన కాలం ఒకటుంది. 2000ల్లో రైతుల నిర్వహణలో భూగర్భజల పథకం అనే కార్యక్రమం ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. వాటిలో మహబూబ్‌నగర్, నల్గొండ ఉన్నాయి. ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే తమ బోర్ల నీటిమట్టం, తమ ఊరి వానను కొలిచారు. యాసంగికి ముందు కూర్చుని ఊళ్లో ఎంత నీరుందో, ఏ పంట ఎన్ని ఎకరాలు వేస్తే సరిపోతుందో లెక్క వేసుకున్నారు. ఏ పంట వేయమనీ ఎవరూ ఆదేశించలేదు, వేయవద్దని ఎవరూ కట్టడి చేయలేదు. లెక్క చేతికొచ్చాక చాలామంది తామే తక్కువ నీటితో పండే ఆరుతడి పంటల వైపు మళ్లారు. 2020లో ప్రభుత్వం నియంత్రిత సాగు పేరుతో ఏ జిల్లాలో ఏ పంట ఎంత వేయాలో పైనుంచి చెప్పబోయిన తీరుతో దీన్ని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. నేనైతే మొదటిదాన్నే అగ్రోఎకాలజీ అంటాను, దాని పేరులో ఆ మాట లేకపోయినా.

అలాంటిదే పొలంబడి. వ్యవసాయ శాఖే నడిపింది. రైతులు వారానికోసారి పొలంలో కూర్చుని హాని చేసే పురుగులెన్ని, వాటిని తినే మిత్ర పురుగులెన్ని అని లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు కావాలా వద్దా తేల్చుకునేవాళ్లు. 2003లో ఉమ్మడి రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం విస్తరణ సంచాలకుడు ఆలపాటి సత్యనారాయణ చొరవతో శ్రీ వరి వచ్చింది. లేత నారు, కుదురుకు ఒక్క మొక్క, నీళ్లు నిలగట్టకుండా తడిపి ఆరబెట్టడం. ఇవన్నీ లోపలినుంచే వచ్చిన పనులు. లోపలినుంచి ఏదీ రాదనే నిరాశకు ఆధారం లేదు. కానీ ఒక మనిషి ఊపు మీద వచ్చినవి ఆ మనిషి కుర్చీ మారగానే పలచబడ్డాయి. శ్రీ వరికైతే కూలీల కొరత, కలుపు బెడద, పైసా ఖర్చు లేని బోరు నీళ్లు కూడా అడ్డొచ్చాయి.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కేంద్రం ఎరువుల సబ్సిడీకి ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైగా ఖర్చు పెడుతోంది. జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు 2024 నవంబరులో ఆమోదించింది మొత్తం 2,481 కోట్లు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరికేటప్పుడు జీలుగ చల్లి, నెలన్నర ఆగి, దున్ని, కుళ్లనిచ్చే ఓపిక రైతుకు ఎందుకుండాలి? అయినా ఉంది. 2024 మేలో రాష్ట్రంలో పలుచోట్ల జీలుగ విత్తనాల కోసం రైతులు క్యూ కట్టారు. 2025 వానాకాలంలో యూరియా కోసం కట్టిన క్యూలు అందరికీ కనిపించాయి గానీ, ఈ క్యూ సంగతి ఎక్కువమంది పట్టించుకోలేదు.

మరి ఊళ్లో ఈ విషయాలు చెప్పేదెవరు? కాగితం మీద తెలంగాణ విస్తరణ వ్యవస్థ దేశంలోనే బలమైనది. ఐదు వేల ఎకరాలకో ఏఈవో, 2,601 రైతు వేదికలు. కానీ ఆ ఏఈవో పంట నమోదు చేయాలి, రైతు బీమా కాగితాలు చూడాలి, రైతు భరోసా తకరారులు వినాలి, యూరియా స్టాకు చూడాలి, కొనుగోలు సెంటర్ పనులు చూడాలి. 2024 అక్టోబరులో డిజిటల్ పంట సర్వే భారం మీద ఏఈవోలు ఆందోళనకు దిగారు, కొందరు సస్పెండ్ అయ్యారు. పొలంలో పురుగు గురించి అడగాలంటే రైతు ఫర్టిలైజర్ షాపుకే పోతాడు. షాపతను అప్పూ ఇస్తాడు, సలహా కూడా ఇస్తాడు. ఈ వాస్తవాన్ని రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) 2003లోనే గుర్తించి డీలర్లకు ఏడాది డిప్లొమా కోర్సు పెట్టింది. ఆ కోర్సులో మిత్ర పురుగుల లెక్కకు, పప్పుజాతి సాళ్లకు నిజమైన చోటు దొరికితే వంద సెమినార్ల కంటే మేలు. షాపతను అమ్ముకోవాల్సింది మందే కదా అంటే నిజమే. విత్తనం, పచ్చిరొట్ట, పురుగుల్ని పట్టే పసుపు పళ్లేలు, లింగాకర్షక బుట్టలు కూడా అమ్ముకోవచ్చు. వాటిలో లాభం తక్కువ, అంతే.

ప్రకృతి వ్యవసాయ మిషన్ గురించి ఒక హెచ్చరిక. 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు, 10,000 జీవ ఎరువుల కేంద్రాలు అని లక్ష్యాలు పెట్టారు. ఆ కేంద్రాల పనిని ఎన్ని లీటర్లు అమ్మారనే దానితో కొలిస్తే, ఊళ్లో ఇంకో షాపు పెట్టినట్టే అవుతుంది. పైగా ట్రాక్టర్లొచ్చాక ఎద్దులు పోయాయి. బర్రె లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి, పేడే దొరకని చోట ద్రావణం కొనక తప్పదు. పాలమూరులో గొర్లకు మాత్రం కొదవ లేదు. మందలు తోలించుకున్న రైతుకు ఇచ్చే నాలుగు పైసలు ఆ మిషన్ ఖర్చులో ఎందుకు రాయకూడదో నాకర్థం కాదు.

తలుపులు తెరిచే చోట్లు చాలావరకు ఇలాంటి చిన్న లెక్కల్లోనే ఉన్నాయి. ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పో ఏటా జిల్లా సాంకేతిక కమిటీ కూర్చుని తేలుస్తుంది. కలిపి వేసిన పంటలకు గౌరవమైన మొత్తం అక్కడ పెట్టించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పాలెం వ్యవసాయ కళాశాల పిల్లలు చివరి ఏడాది ఊళ్లో ఉండి పనిచేసే కార్యక్రమం ఎలాగూ ఉంది. ఏటా కొత్త పిల్లలు వచ్చినా అవే ఊళ్లు, అవే చేలు నమోదు చేస్తే పదేళ్లకు ఏ విశ్వవిద్యాలయం దగ్గరా లేని సమాచారం పోగవుతుంది. పాలెం, కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు రైతుల పొలాల్లో చేసే పరీక్షల్లో ఏం పరీక్షించాలో రైతులను ఒక్క అంశమైనా చెప్పనిస్తే చాలు. జహీరాబాద్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చేతిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చిరుధాన్యాలు, మిశ్రమ సాగు నమ్మే సంస్థ కూడా ఐసీఏఆర్ బోర్డు కింద పనిచేయగలదని అది చూపించింది.

అన్నింటికంటే పెద్ద తలుపు కొనుగోలు. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి రాగులను మద్దతు ధరకు కొని, రేషన్‌లోకి, అంగన్‌వాడీల్లోకి పంపింది. ఆ పనికి తోడు నిలిచిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ ఒకటి. కర్ణాటక రేషన్‌లో రాగి, జొన్న ఇస్తుంది. మన సరిహద్దు అవతల నారాయణపేటకు కూతవేటు దూరంలో జరుగుతున్న పని ఇవతల అసాధ్యం ఎలా అవుతుంది? సంక్షేమ హాస్టళ్లలో వారానికి రెండు పూటలు జొన్న రొట్టె పెట్టినా ఈ జిల్లాల చెలకలకు నికరమైన గిరాకీ ఏర్పడుతుంది.

కంది విషయంలో ఆ తలుపు ప్రస్తుతానికి ఓరగా తెరిచి ఉంది. 2025 బడ్జెట్‌లో కేంద్రం కంది, మినుము, మసూర్‌లను రైతులు ఎంత తెస్తే అంత నాలుగేళ్లపాటు కొంటామంది. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఈ హామీ 2028-29తో ముగుస్తుంది. పాలెం కేంద్రం రాబోయే వానాకాలంలో పది పదిహేను ఊళ్ల చెలకల్లో, మడుల్లో కాకుండా పూర్తి చేలల్లో, జొన్న-కంది-మందల సాగును వరుసగా నమోదు చేయడం మొదలుపెడితే మూడో ఏటి లెక్కలు చేతికొచ్చేసరికి ఆ గడువు దగ్గరపడుతుంది. హామీ పొడిగించాలని అడగడానికి అప్పుడు రాష్ట్రం చేతిలో సొంత అంకెలు ఉంటాయి.